బల్ల వెనక సాబు పాట

కామారెడ్డి తహసీలు కచేరీలో నేను పనిచేసినన్నేళ్లూ నా మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. రావలసినవి చాలానే ఉండేవి. ఇప్పుడు ఆఫీసుల్లో కొత్తగా కుర్చీ ఎక్కుతున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు, ఆ కాలంలో పని ఎంత పద్ధతిగా జరిగేదో కదా అంటుంటారు. వాళ్ల కోసమే ఈ ఒక్క సంగతి రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. కొందరి పిల్లలు, మనవలు ఆ చుట్టుపక్కలే ఉన్నారు. నావాళ్లూ ఉన్నారు.

నిజాంసాగర్ కట్టి కొన్నేళ్లయింది, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలు కాలేదు. కచేరీలో రాతకోతలన్నీ ఉర్దూలోనే జరిగేవి. ఊళ్లలో భూమి లెక్కలు చూసే పట్వారీలు మాత్రం తెలుగులో రాసి పంపేవాళ్లు. ఆ తెలుగును ఉర్దూ చేసి పెట్టడం నా పని. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ నేర్చినవాణ్ని కాబట్టి రెండూ వచ్చేవి. పైగా నా దస్తూరి చాలా బాగుండేది. పైనుంచి అధికారులు వచ్చినప్పుడు తహసీల్దారు నేను రాసిన కాగితం తీసి వాళ్లకు చూపించేవారు. దస్తూరి బాగున్నవాడికి పని కూడా బాగా చేస్తాడన్న పేరు ఉత్తపుణ్యానికి వస్తుంది. నాకు వచ్చింది. దాని మీదే చాలా కాలం బతికాను.

అప్పట్లో మాచారెడ్డి నుంచి ఒక ముసలవ్వ వారం వారం అంగడి రోజున కచేరీకి వచ్చేది. ఆమె భర్త పోయాడు. రెండెకరాల చెలక ఆమె పేరిట మారాలి. దాన్ని విరాసత్ అనేవాళ్లం. ఊరి పట్వారీ ఏ పేచీ లేదని నాలుగు వాక్యాలు తెలుగులో రాసి పంపాడు. ఆ నాలుగు వాక్యాలను నేను ఉర్దూ చేసి పెడితే కాగితాలు పైకి పోతాయి. పదకొండు నెలలు నేను ఆ పని చేయలేదు. లంచం కోసం ఆపానేమో అని మీరు అనుకోవచ్చు. అదీ కాదు. లంచం అడగడానికైనా కొంత శ్రద్ధ కావాలి. ఆమె చెప్పులు చేత పట్టుకుని మెట్ల దగ్గర నిలబడేది, నేను తల ఎత్తకుండానే "రేపు రా అవ్వా" అనేవాణ్ని. ఆమె సరేనని పోయేది. నా రేపు అంటే వచ్చే అంగడి అని ఆమెకు ఎవరూ చెప్పకుండానే అర్థమైపోయింది.

ఇక పాటల మనిషి సంగతి. ఆయన ఎల్లారెడ్డిలో దర్జీ. అందరూ దర్జీ భాయి అనేవాళ్లు. నలభై దాటిన సన్నటి మనిషి, చెవిపైన ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. అంగడి రోజు హార్మోనియం ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి, తాడ్వాయి మీదుగా కామారెడ్డికి వచ్చేవాడు. రైలు స్టేషన్ ఎదురుగా బాటసారులు దిగే సరాయి ఆవరణలో మధ్యాహ్నం పూట కూర్చుని పాడేవాడు.

పాటలు తనే కట్టుకునేవాడు. అప్పటిదాకా మా వైపు పాడేవాళ్లంతా రాజుల కథలో దేవుళ్ల కథలో చెప్పేవాళ్లు. ఈయన కథల్లో రాజు ఉండడు. బస్సు తప్పిపోయిన పెళ్లికొడుకు ఉంటాడు. ఇద్దరికీ ఒకే గొడుగున్న అన్నదమ్ములు ఉంటారు. రైలు దిగాక ఎవరింటికి వచ్చాడో మరిచిపోయి స్టేషన్ బల్ల మీద కూర్చున్న పెద్దాయన ఉంటాడు. పాట నడుమ ఆపేసి, వేళ్లు హార్మోనియం మీద అట్లాగే ఉంచి, పక్కింటి ముచ్చట చెప్పినట్టు మామూలు మాటల్లో కథ చెప్పేవాడు. గొంతు గొప్పది కాదు. పై స్థాయికి పోతే పగిలేది. అది ఆయనకూ తెలుసు, అందుకే అంత దూరం పోయేవాడు కాదు.

జనం చప్పట్లు కొట్టేవాళ్లు కాదు. పాట అయిపోయాక కాసేపు ఎవరూ లేచేవాళ్లు కాదు. అదే మెప్పు. తర్వాత వారమంతా ఆ పాటలోని మనుషుల గురించి తమ వాడకట్టు మనుషుల గురించి మాట్లాడినట్టే మాట్లాడుకునేవాళ్లు. ఒకసారి హోటల్లో ఇద్దరు రైతులు చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వాదించుకోవడం నేను విన్నాను.

"గొడుగు పెద్దోనికే ఇయ్యాలె. పొలం కాడికి పొయ్యేది ఆయన."

"ఎట్లిస్తరు? చిన్నోనికి దగ్గున్నది గద. తడిస్తె ఏమైతడు?"

హోటల్ యజమాని కలగజేసుకుని, ఇంకో గొడుగు కొనుక్కోవచ్చు కదా అన్నాడు. ఇద్దరూ కలిసి అతన్ని కసిరారు. గొడుగు కొనగలిగితే అది పాటెందుకైతది అని ఒకాయన అన్నాడు. పాటను ఇంతకంటే బాగా అర్థం చేసుకున్న పండితుణ్ని నేను తర్వాత కూడా చూడలేదు.

నలుగురు ఒక చోట చేరితే సర్కారుకు అనుమానంగా ఉన్న రోజులవి. పాట పాడాలన్నా కచేరీ నుంచి ఇజాజత్, అంటే అనుమతి చీటీ తీసుకోవాలి. చీటీ ఇచ్చాక పాటలో ఏముందో ఎవరో ఒకరు వెళ్లి విని, ఉర్దూలో రాసి దాఖలు చేయాలి. దానికొక అచ్చు ఫారం ఉండేది. పాడినది ఎవరు, ఎక్కడ, విన్నవాళ్లు ఎందరు, విషయం ఏమిటి, చివరి గడిలో ఎవరిని ఉద్దేశించి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఫారం వాపసు వచ్చేది. ఈ పని నాకు పడింది. కచేరీ బల్ల దగ్గర కూర్చోవడం కంటే సరాయిలో కూర్చోవడం సుఖం కాబట్టి సంతోషంగానే ఒప్పుకున్నాను.

మొదటి మూడు వారాలు ఇబ్బంది లేకపోయింది. గొడుగు పాటకు ఎవరిని ఉద్దేశించి అన్నచోట "వర్షాన్ని" అని రాశాను. ఎవరూ అడగలేదు. నాలుగో వారం ఆయన కొత్త పాట ఎత్తుకున్నాడు.

పొద్దుగాల వొచ్చెనమ్మ మూడు కోసుల అవ్వ
చెప్పులు చేతబట్టి మెట్టు కాడ నిలిచె
బల్లెనక సాబు జెప్పె, తల ఎత్తడాయె
రేపు రా అవ్వా, రేపు రా

ఆ సాబు నేనే అనుకున్నాను. చెప్పులు చేత పట్టుకోవడం, మెట్టు, తల ఎత్తకపోవడం, అన్నీ సరిపోయాయి. వందకు పైగా మనుషులు చుట్టూ కూర్చుని ఉన్నారు, ఒక్కరు కూడా నా వైపు చూడడం లేదు. చూస్తే బాగుండేది. కావాలనే చూడడం లేదేమో అనిపించింది. పాటలో అవ్వ వానలో వస్తుంది, ఎండలో వస్తుంది. పాట ఆపి దర్జీ భాయి అవ్వ కాలి పగుళ్ల గురించి చెప్తాడు, దారిలో ఆమె ఎక్కడ కూర్చుంటుందో చెప్తాడు. చివరికి కథ సాబు వెంట అతని ఇంటికి పోతుంది.

కచేరి మూసెనమ్మ, సాబు ఇంటికి వొచ్చె
గిన్నె మూత తీసెనమ్మ, సల్లబడ్డ బువ్వ
ఉప్పు లేదని చెప్పేటందుకు ఒక్క మనిషి లేక
గోడతోని సాబు జెప్పె, రేపు రా, రేపు రా

ఎవరూ లేవలేదు. నా పక్కన కూర్చున్న జొన్నల వ్యాపారి తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. సాబును తిట్టుకుంటారనుకున్నాను. "పాపం" అన్నాడతను. ఎవరిని పాపం అన్నాడో నేను అడగలేదు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టకముందే పాటంతా ఉర్దూ చేసేశాను. గంట పట్టింది. అవ్వ కాగితంలో ఉన్నవి నాలుగే వాక్యాలు, వాటికి పదకొండు నెలలు సరిపోలేదు. ఆ లెక్క అప్పుడు నాకు తట్టలేదు. చివరి గడి దగ్గర కలం ఆగింది. వర్షమని రాయడానికి లేదు. నా పేరు నేనే రాసుకోవడానికి అసలే లేదు. ఖాళీగా వదిలితే ఇంకెవరినైనా విచారణకు పంపుతారు, వాళ్లు సరాయిలో అడిగితే ఎవరైనా నన్ను చూపిస్తారు. పేష్కారు పేరు రాశాను.

పేష్కారు అంటే తహసీల్దారు ముందు కాగితాలు పెట్టే పెద్ద గుమాస్తా. మా అందరికీ పైవాడు. ఆయన కూడా జనాన్ని తిప్పేవాడు, కాకపోతే కారణం చెప్పి తిప్పేవాడు. ఆయన భార్య పోయి మూడేళ్లయింది, పిల్లలు లేరు. హోటల్ నుంచి గిన్నెలో అన్నం తెప్పించుకుని ఒక్కడే తినేవాడు. పాటలో చివరి చరణం నాకు సరిపోదు, ఆయనకు సరిపోతుంది. భయంలో ఉన్నప్పుడు నా బుద్ధి ఎంత చురుగ్గా పనిచేసిందో చూడండి.

మర్నాడు పేష్కారు నన్ను పిలిచాడు. కోప్పడతాడనుకున్నాను. ఆయన ఫారం రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఊరంతా నా గురించి గిట్లనే అనుకుంటున్నదా?" అన్నాడు. మామూలుగా నాతో ఉర్దూలో మాట్లాడే మనిషి ఆ మాట తెలుగులో అడిగాడు.

"అట్లనే అనుకుంటున్నరు సాబ్" అన్నాను.

నా ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నిటిలో ఆ జవాబు ఒక్కదానికే ఇప్పటికీ సిగ్గనిపిస్తుంది. ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. తన మీద వచ్చిన కాగితమైనా సరే దాచిపెట్టే అలవాటు లేనివాడు కాబట్టి, నియమం ప్రకారం తహసీల్దారు ముందు పెట్టాడు. సాయంత్రానికి హుకుం వచ్చింది. విచారణ చేయాలి. సర్కారు ఉద్యోగిని ఎగతాళి చేసినట్టు తేలితే దర్జీ ఇజాజత్ రద్దు, హార్మోనియం జప్తు. ఎల్లారెడ్డి కచేరీకి కూడా రాయాలి, అక్కడా పాడకుండా. విచారణ చేయాల్సింది తెలుగు వచ్చిన మున్షీ, అంటే నేను.

విన్నవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి, ఆ పాట ఎవరి మీద అని అడిగి, వాంగ్మూలం రాసుకుని వేలిముద్ర వేయించుకోవాలి. పది మంది పేష్కారు అంటే చాలు, నేను గట్టున పడతాను. దర్జీ మునుగుతాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే కాగితాలు చంకన పెట్టుకుని బయలుదేరాను.

ముందు కంసాలి దుకాణానికి పోయాను.

"ఎవరి మీదంటె ఏంది సాబ్, నా మీదనే" అన్నాడు కంసాలి, కుంపటి ఊదడం ఆపకుండా. "పుస్తెలు అతుకు బెట్టుమని ఒకామె ఇచ్చిపోయింది. రేపు రా, రేపు రా అని నెల తిప్పిన. ఉత్త మెడతోని తిరిగింది పాపం. పాట ఇన్న దినమే చేసిచ్చిన."

"నీ దుకాణంల బల్ల ఏడున్నది? సాబువు ఎట్లైతవు?"

"పాటకు బల్ల కావాలె గద, పెట్టుకున్నడు. నన్నే అన్నడు. రాసుకోండ్రి."

రాసుకున్నాను. తర్వాత తాడ్వాయి నుంచి అంగడికి వచ్చిన ఒక రైతును అడిగాను.

"మా తమ్ముడు వాటా పంచుమన్నడు" అన్నాడు. "రేపు రారా కూసుందాం అన్న. ఆరేండ్లాయె. వాడు నిజాంసాగర్ కాలువ పనికి పోయి ఆడనే ఉండిపోయిండు. నా మీద గాకపోతె ఎవరి మీద?"

బడి పంతులు తన మీదే అన్నాడు. స్టేషన్ హమాలీ తన మీదే అన్నాడు, ఎందుకో చెప్పలేదు, వేలిముద్ర మాత్రం గట్టిగా వేశాడు. ఆకుకూరలు అమ్మే ఒక ముసలామె గంప దించి కూర్చుని, తన బిడ్డ సంగతి చెప్పింది. అత్తగారింట్లో బాగాలేదు, వస్తానని కబురు పెట్టిందట. కోతలున్నాయి, నాలుగు దినాలు ఆగి రమ్మని ఈమె తిరిగి కబురు పెట్టిందట. ఆ బిడ్డ మళ్లీ అడగలేదట. ఇది రాయడానికి ఫారంలో గడి లేదు. నేను ఒక పక్కన రాశాను.

ఇరవై రెండు వాంగ్మూలాలు పోగయ్యాయి. పేష్కారు పేరు ఒక్కరూ ఎత్తలేదు. నా పేరూ ఎత్తలేదు. నాకు ఊరట కలగాలి. నిజం చెప్పాలంటే కొంచెం కోపం వచ్చింది. నేను అంత భయపడి చచ్చిన పాటను వీళ్లంతా తలా ఇంత పంచుకుపోతున్నారు.

దర్జీ వాంగ్మూలం కోసం ఎల్లారెడ్డికి బస్సులో పోయాను. ఆయన దుకాణమంటే ఒక అర్ర, అందులో ఒక కుట్టు మిషను, అంతే. నేను వెళ్లేసరికి ఒక రైతు అంగీ కోసం వచ్చి ఉన్నాడు.

"రేపు రాపో మామా, గుండీలు పడలే" అంటున్నాడు దర్జీ భాయి.

నన్ను చూసి, నా చేతిలో కాగితాలు చూసి లేచి నిలబడ్డాడు. వచ్చిన పని చెప్పాను. ఏం జరగబోతుందో కూడా చెప్పాను. ఆయన మిషను మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు.

"నా మీదనే కట్టుకున్న సాబ్" అన్నాడు. "ఇప్పుడే ఇన్నరు గద. దర్జీ అయినంక రేపు రమ్మనకుంటె ఎట్ల?"

తెలివిగా తప్పించుకుంటున్నాడనుకుని రాసుకున్నాను. వేలిముద్ర అక్కర్లేదు, తెలుగులో సంతకం చేశాడు. నేను లేస్తుంటే మెల్లగా అడిగాడు.

"పెట్టె గుంజుకుంటరా సాబ్?"

"తేలితే గుంజుకుంటరు."

"బట్టలు కుట్టుడు పొట్టకు. వారమంతా మిషను దొక్కుకుంట, వచ్చిపోయేటోల్ల మాటలు ఇంట. అంగడి దినం గవి పాడకపోతె నాకు ఊపిరాడదు. ఇంకేం జెప్పను మీకు."

బస్సులో తిరిగి వస్తూ నిజం చెప్పేద్దామా అనుకున్నాను. తాడ్వాయి దాకా చెప్పేద్దామనే ఉంది. కామారెడ్డి కనబడేసరికి ధైర్యం దిగిపోయింది.

విచారణ రోజు తహసీల్దారు కచేరీ వరండాలో కుర్చీ వేయించుకున్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన మనిషి, మర్యాదస్తుడు, తెలుగు రాదు. మాటలన్నీ ఉర్దూలో జరిగాయి, మీ కోసం తెలుగులో రాస్తున్నాను. దర్జీ హార్మోనియంతో సహా వచ్చి ఒక మూల నిలబడ్డాడు. పిలవకపోయినా కంసాలి, తాడ్వాయి రైతు, హమాలీ, ఆకుకూరల ముసలామె, ఇంకా ఎందరో వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. పేష్కారు తన చోటనే నిలబడి ఉన్నాడు.

తహసీల్దారు వాంగ్మూలాలు ఒక్కొక్కటే చదివారు. చదివిన కొద్దీ కనుబొమలు పైకి పోయాయి.

"ఇదేమిటి మున్షీ? ఇరవై మూడు వాంగ్మూలాలు, ఇరవై మూడు మంది ముద్దాయిలు. దర్జీ కూడా తన మీదే అంటాడు. మరి నీ ఫారంలో పేష్కార్ సాహెబ్ పేరు ఉంది. అది నీకు ఎవరు చెప్పారు?"

నేను చేతిలోని కాగితాలు సర్దుకున్నాను.

"నువ్వు కూడా విన్నావు కదా. నీ వాంగ్మూలం ఏది?"

మూల నిలబడ్డ దర్జీ హార్మోనియం పట్టీని వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు. పేష్కారు నన్నే చూస్తున్నాడు. ఎవరిని పిలిచి ఒక అబద్ధం రాయించినా ఇక అతకదు. అది కూడా కారణమే, కేవలం ధర్మబుద్ధితో చెప్పానని అనను.

"హుజూర్, ఆ పాటలో ఉన్నది నేను" అన్నాను. "పేష్కార్ సాబ్ కాదు. మాచారెడ్డి అవ్వ ఒకామెను పదకొండు నెలలు తిప్పాను. ఎవరైనా గుర్తుపడతారని భయపడి పేష్కార్ సాబ్ పేరు రాశాను."

తహసీల్దారు నా మొహంలోకి చూశారు. ఆ తర్వాత కుర్చీలో వెనక్కు వాలి నవ్వారు.

"ఇరవై నాలుగు" అన్నారు.

అందరూ నవ్వారు. "మున్షీ సాబ్‌కు గూడ ఎక్కింది పాట" అని కంసాలి పక్కవాడితో అనడం నాకు వినబడింది. ఉద్యోగం మొత్తంలో పైఅధికారి ముందు ఒక్కసారి పచ్చి నిజం చెప్పాను, దాన్ని పాటకు మెప్పు కింద జమ కట్టారు. నా దస్తూరి చేసిన పుణ్యం. అంత చక్కగా రాసేవాడు అలాంటి పని చేస్తాడని ఆయన నమ్మలేదు.

పేష్కారు నవ్వలేదు. ముందుకు వచ్చాడు.

"హుజూర్, నేను దాన్ని కాగితం మీద చదివాను. వినలేదు. ఒకసారి వినిపించమనండి."

దర్జీ భాయి నేల మీద కూర్చుని పాడాడు. కచేరీ మెట్లు ఎదురుగా ఉన్నాయి, బల్లలు వెనక ఉన్నాయి, పాట వాటి మధ్యలో నడిచింది. తహసీల్దారుకు మాట మాటకూ అర్థం చెప్పబోయాను, చెయ్యి ఎత్తి వద్దన్నారు. గిన్నె మూత తీసిన చరణం వచ్చినప్పుడు పేష్కారు తల తిప్పి గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. పాట అయిపోయింది. అలవాటు ప్రకారం ఎవరూ లేవలేదు.

"ఇరవై అయిదు అని రాసుకో మున్షీ" అన్నాడు పేష్కారు, అటు తిరిగే. "ఫిర్యాదు ఏమీ లేదని కూడా రాయి."

తహసీల్దారు ఇజాజత్ మీద మళ్లీ సంతకం చేసి లోపలికి పోయారు. జనం లేచారు. దర్జీ చీటీని మడిచి టోపీలో పెట్టుకున్నాడు.

అందరూ పోయాక పేష్కారు నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఆ ఇరవై అయిదు మందిలో నిజంగా నేరం ఒప్పుకున్నది నువ్వొక్కడివే. నాకు తెలుసు" అన్నాడు. "ఆ మాచారెడ్డి కాగితాలు ఎక్కడ?"

"రేపు పెడత సాబ్" అన్నాను.

అలవాటు అంత చెడ్డది. నా నోట్లోంచి అది వచ్చాక ఇద్దరం ఒక్క క్షణం ఒకరినొకరం చూసుకున్నాం. ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. నేను నిలబడే ఆ నాలుగు వాక్యాలు ఉర్దూ చేశాను. ఆయన అక్కడే చదివి, తీసుకుని లోపలికి పోయాడు. ఆ తర్వాత ఆ విషయం ఎన్నడూ ఎత్తలేదు. నేను క్షమించమని అడగలేదు. అడిగి ఉండవలసింది.

బస్సు దగ్గర దర్జీని పట్టుకున్నాను.

"ఇప్పుడు కాగితాలేం లేవు. నిజం జెప్పు. నన్ను జూసే కట్టినవు గద?"

ఆయన ఆశ్చర్యపోయాడు. "మీ కచేరి మెట్లు ఇయ్యాలనే ఎక్కిన సాబ్. మీరెవరో నాకేమెరుక?"

"మరి ఆ అవ్వ?"

"మా అవ్వ. మమ్మల్ని కన్నామె. రైక చినిగింది, కొత్తది కుట్టియ్యమన్నది. ఊరందరివి కుట్టిన. రేపు కుడుత అవ్వా అన్న." హార్మోనియం బస్సు పైకి అందించి వచ్చాడు. "ఇంట్ల ఇప్పుడు నేనొక్కన్నే సాబ్. మొన్న రాయించుకున్నరు గద మీరే, నా మీదనే అని."

పది రోజుల్లో అవ్వ విరాసత్ మంజూరైంది. ఆ కాగితం తలారి చేత పంపవచ్చు. నేనే తీసుకుని మాచారెడ్డికి పోయాను. మధ్యాహ్నం దాటింది. అవ్వ ఇంటి ముందు చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. ఒక కంట్లో పువ్వు వేసింది.

"అవ్వా, కాగితం తెచ్చిన" అన్నాను.

"రేపు రమ్మనే సాబువు గద" అంది. "గొంతు ఎరుకనే."

కాగితం చేతికిచ్చాను. ఆమె తిప్పి చూసి, ఒకసారి కళ్లకు అద్దుకుని, రైకలో దోపుకుంది. ఏదో ఒకటి చెప్పాలని వచ్చాను, దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఆమె ముందే మొదలుపెట్టింది.

"కూసో బిడ్డా. నీకొక మాట జెప్పాలె. మొదట్ల నిన్ను మస్తు తిట్టుకునేదాన్ని. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు, తొవ్వంత. నీ కాలు విరగాలని మొక్కిన గూడ. సరాయి కాడ ఒక దినం గా దర్జీ భాయి పాట ఇన్న. నీ మీదనే అది. అప్పటికెల్లి తిట్టుడు బంజేసిన."

"ఎందుకవ్వా?"

"ఇంట్ల బువ్వ బెట్టేటోల్లు లేకుంటె మనిషికి పని మీద పానం ఎట్లుంటది? నాకు ముసలాయన పోయినంక ఎరుకైంది. సల్లబడ్డ బువ్వ తింటున్నవు, పాపం. నిన్నేం తిట్టాలె."

ఆమె లేచి లోపలికి పోయింది. పొయ్యి ఊదిన చప్పుడు వినబడింది. కాసేపటికి వేడి జొన్నరొట్టె, మీద ఎర్రకారం వేసుకుని వచ్చి నా చేతుల్లో పెట్టింది.

"తిను. ఉప్పు సరిపోయిందో లేదో జెప్పు" అని ఎదురుగా కూర్చుంది.

కామారెడ్డిలో మా ఇంట్లో నా భార్య, మా అమ్మ అన్నం వండుకుని నేను వచ్చేదాకా తినకుండా చూస్తుంటారు. కూరలో ఉప్పు తగ్గితే చెప్పడానికి నాకు ఇద్దరున్నారు, చెప్తూనే ఉంటాను. తహసీల్దారు ముందు, ఊరందరి ముందు నోరు విప్పినవాణ్ని, ఆ ఒక్క మాట అవ్వకు చెప్పడానికి నోరు రాలేదు.

సరిపోయింది అవ్వా అన్నాను. ఆమె ఇంకోటి తెచ్చింది. అదీ తిన్నాను.